బయట కూర్చోండి

నాకు నోరు పెద్దది. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే, తరవాత ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు. రాజమండ్రిలో ఒక ఆడవాళ్ళ నర్సింగ్ హోమ్‌లో ముప్పై ఏళ్ళకి దగ్గరగా సిస్టర్‌గా చేస్తున్నాను. అందులో చాలా కాలం వరండా ఈ చివర నిలబడి ఆ చివరికి వినపడేలా కేకలేస్తూనే గడిపాను. "షుగర్ ఉన్నావిడ ఎవరమ్మా? టిఫిన్ తిని రెండు గంటలైందా? రక్తం ఇవ్వాలి, రండి!" అంటే బెంచీల మీద ఉన్నవాళ్ళంతా ఆ షుగర్ ఉన్నావిడ వంక తిరిగి చూసేవారు. "తెల్లబట్ట అవుతోందని వచ్చినావిడ ఎక్కడ?" అని కూడా ఒకసారి పిలిచాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని లేచి వచ్చింది. ఏంటీవిడ ఇంత నెమ్మదిగా నడుస్తోంది, లోపల డాక్టరుగారు కూర్చుని ఉంటే, అని నేను విసుక్కున్నాను. అంతకు మించి నాకేమీ తోచలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన పెళ్ళైన కొత్తల్లోనే తేల్చేశారు. అలాంటిదాన్ని ఒక జంట సంగతి మూడేళ్ళుగా ఆయనకి కూడా చెప్పకుండా మోస్తున్నాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి మార్చాల్సినవన్నీ మార్చేశాను. వాళ్ళు చదివినా ఇది తమ సంగతే అనుకోరు. మార్చనిది ఒక్కటే, నేను చేసిన తప్పు.

మా వైపు ఆసుపత్రికి ఎవరూ ఒంటరిగా రారు. కడుపుతో ఉన్న పిల్ల పరీక్షకొస్తే కూడా అత్తగారు, ఆవిడ చెల్లెలు, ఒక్కోసారి ఆడపడుచు, ఒక ఫ్లాస్కు, ఒక సంచీ. అది తప్పని నేననను. రక్తం కావాలంటే పరిగెత్తేదీ వాళ్ళే, మూడు పూటలా వేడివేడిగా క్యారేజీ తెచ్చేదీ వాళ్ళే. కాకపోతే డాక్టరుగారు కోడల్ని అడిగితే అత్తగారు జవాబు చెప్పేది.

"వాంతులు తగ్గాయా అమ్మా?"

"తగ్గాయండి. అన్నమే సయించట్లేదండి," అనేది అత్తగారు.

"నెల ఎప్పుడు తప్పావు?"

"వినాయక చవితికి ముందు మంగళవారమండి." అదీ అత్తగారే.

ఒకసారి మా డాక్టరమ్మగారు నవ్వుతూ, "ఇంతకీ కడుపు మీకా, ఆ అమ్మాయికా?" అని అడిగారు. గదిలో అందరం నవ్వాం, అత్తగారు కూడా. ఆ పిల్ల మాత్రం నవ్వాలా వద్దా అన్నట్టు అత్తగారి మొహం చూసింది.

ఇక రిపోర్టు ఏదొచ్చినా ముందు పెద్దవాళ్ళకి చెప్పడం అలవాటు. గర్భసంచిలో గడ్డ ఉంటే మొగుడికి చెప్పేవాళ్ళం, పిల్లలు పుట్టే అవకాశం తక్కువంటే అత్తగారికి చెప్పేవాళ్ళం. అసలు మనిషికి చిట్టచివర, అదీ సగం సగం తెలిసేది. నేనూ అలాగే చేశాను. పెద్దవాళ్ళకి మర్యాద ఇస్తున్నానని అనుకునేదాన్ని.

నేను చెప్పిన ఆ జంటలో అమ్మాయి మూడో నెల దాటాక మొదటిసారి మా దగ్గరికి వచ్చింది. గోదావరి అవతల, పెనుగొండ వైపు ఊరు వాళ్ళది. బట్టల కొట్టున్న కుటుంబం. పిల్లకి ఇరవై నాలుగేళ్ళుంటాయి, పెళ్ళై ఏడాది. అత్తగారు వెంట వచ్చింది. ఎర్రగా, పొందిగ్గా ఉండే మనిషి. ఎప్పుడూ గొంతు పెంచదు, పెంచాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. కోడల్ని బాగానే చూసుకునేది. బెంచీ గట్టిగా ఉందని ఇంటి నుంచి చిన్న దిండు తెచ్చి నడుము వెనక పెట్టేది. వచ్చిన మొదటి రోజే నా చేతిలో పూతరేకుల పొట్లం పెట్టి, "మా పిల్లని కాస్త చూసుకోండి సిస్టరుగారూ," అంది. నేను మొహమాటం లేకుండా తీసుకున్నాను.

పది రోజుల తరవాత రక్త పరీక్షల రిపోర్టులు తీసుకుని మళ్ళీ వచ్చారు. డాక్టరమ్మగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు.

దీని గురించి రెండు ముక్కలు చెప్పాలి. తల్లి రక్తం నెగటివ్, కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే, తల్లి ఒంట్లో బిడ్డ రక్తం మీద విరోధం పుట్టవచ్చు. మామూలుగా మొదటి కాన్పుకి ఆ బాధ ఉండదు. ఒకసారి కాన్పో, కడుపు పోవడమో జరిగి, అప్పుడు ఇవ్వాల్సిన ఇంజక్షన్ ఇవ్వకపోతే, ఆ విరోధం ఒంట్లో ఉండిపోయి తరవాతి బిడ్డ రక్తాన్ని తినేస్తుంది. ఈ పిల్లది మొదటి కడుపని ఫైలులో ఉంది. రిపోర్టులో ఆ విరోధం అప్పటికే ఉంది.

"అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి కనుక్కో," అని నాతో మెల్లగా చెప్పి, డాక్టరమ్మగారు ఆపరేషన్ ఉందని థియేటర్‌లోకి వెళ్ళిపోయారు.

పరీక్ష గది తలుపు దగ్గరే నలుగురు కడుపుతో ఉన్నవాళ్ళు, వాళ్ళ తాలూకు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. బరువు, బీపీ నేనే చూసి పంపుతుంటే ఒకళ్ళ వెనక ఒకళ్ళు లోపలికెళ్ళి వస్తున్నారు, ప్రతి పిల్లతోనూ ఒక పెద్దావిడ. ఈ పిల్ల వంతు వచ్చింది. అత్తగారు కూడా లేచి, దిండు చంకలో పెట్టుకుని తలుపు దాకా వచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"మీరు బయట కూర్చోండమ్మా."

"నేనాండీ?"

"మీరేనండి. పరీక్ష చెయ్యాలి."

"పరీక్షప్పుడు నేను లోపలే ఉంటాను కదండీ."

అక్కడ నెమ్మదిగా ఏదో ఒకటి చెప్పొచ్చు. నా నోటి సంగతి చెప్పాను కదా. పొద్దున్నించీ నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. "మొన్నటి సంగతి వేరు, ఇవాళ్టి సంగతి వేరు. ఐదు నిమిషాలు బయట కూర్చుంటే కొంప మునిగిపోతుందా?" అని తలుపు వేసేశాను.

ఆ పిల్ల బల్ల మీద కూర్చుంది. నేను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని సూటిగా అడిగాను. "ఇది మొదటిదేనా తల్లీ?"

"మొదటిదేనండి."

"చూడు, నాకు నువ్వు ఏం చెప్పినా ఒకటే. నిన్ను తిట్టను, ఎవరికీ చెప్పను. నువ్వు చెప్పకపోతే మాత్రం లోపల ఉన్నదానికి ప్రమాదం."

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఒక అబ్బాయిని నమ్మానంది. మూడో నెలలో వాళ్ళమ్మ ఎక్కడికో తీసుకెళ్ళి తీయించిందట. ఇంజక్షన్ సంగతి వాళ్ళెవరూ చెప్పలేదు, వీళ్ళకి అడగాలని తెలియదు. "మా అమ్మకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదండి. మా నాన్నగారికి కూడా తెలియదు. మా ఆయనకి తెలిస్తే నేను బతకనండి. మీ పిల్లల మీద ఒట్టెయ్యండి," అంది. వేశాను. నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరి పేర్లూ చెప్పి మరీ ఒట్టు వేశాను.

ఆ పిల్లని లోపలే కూర్చోబెట్టి, థియేటర్ దగ్గరికెళ్ళి ఆ సంగతి డాక్టరమ్మగారికి ఒక్కరికే చెప్పాను. ఆవిడ తన దగ్గర విడిగా రాసి పెట్టుకుని, ఇంటికి పట్టుకెళ్ళే ఫైలులో మాత్రం రెండు వారాలకోసారి స్కాన్‌కి రావాలని రాశారు. కాగితం దగ్గర మేం చాలా జాగ్రత్తపడ్డాం. బెంచీ మీద కూర్చున్న మనిషికి కళ్ళుంటాయన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ పిల్ల బయటికి రాగానే తరవాతి వంతు ద్రాక్షారామం వైపు నుంచి వచ్చిన వాళ్ళది. ఆ కోడలితో పాటు అత్తగారూ లోపలికి నడిచింది. నేను ఆపలేదు. బట్టల కొట్టావిడ ఇదంతా చూస్తూ నిలబడి, నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరుగారూ, వాళ్ళ అత్తగారిని బయట కూర్చోమనలేదేంటండీ?"

"వాళ్ళకి అవసరం లేదండి," అన్నాను.

అవసరం లేదట! ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, నేనే విన్నాను. విన్నాక కూడా దాని అర్థం నాకు ఎక్కలేదు. ఆవిడకి ఎక్కింది. కోడలి మొహం చూసింది, నా మొహం చూసింది.

"ఆయ్, అలాగేనండి," అంది అంతే మెత్తగా. కోడలి చేతిలోంచి ఫైలు తీసుకుని సంచీలో పెట్టుకుంది.

ఒక్క అక్షరం బయటపెట్టకుండా ఆ పిల్ల గుట్టంతా బయటపెట్టాను. అందరినీ లోపలికి రానిచ్చే చోట ఒక్క మనిషిని బయటికి పంపితే, ఆ ఇంట్లో ఏదో ఉందని చాటింపు వేసినట్టే. నాకది ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే వెలిగింది. చెంబు అక్కడే వదిలేసి గడప మీద కూలబడ్డాను. ఏమైందని మా ఆయన అడిగారు. కాళ్ళు నెప్పులన్నాను.

రెండు వారాలైంది. స్కాన్‌కి రాలేదు. ఇంకో వారం చూశాం, రాలేదు.

రాకపోతే ఏమవుతుందో నాకూ డాక్టరమ్మగారికీ తెలుసు. బిడ్డ ఒంట్లో రక్తం తగ్గుతూ పోతుంది. అది స్కాన్‌లోనే పట్టుకోవాలి, పట్టుకుంటే పెద్ద చోటికి పంపి కడుపులో ఉండగానే రక్తం ఎక్కించొచ్చు. పట్టుకోకపోతే ఒకరోజు బిడ్డ కదలడం మానేస్తుంది. ఆ పిల్లకి ఫోన్ చేద్దామంటే, ఫైలు మీద ఉన్న నంబరు మొగుడిది. మా దగ్గర ఏ ఫైలు తీసినా అంతే, మొగుడిదో మావగారిదో నంబరు ఉంటుంది, పేషెంటుది ఉండదు. రాసుకునేదాన్ని నేనే. "మీవారి నంబరు చెప్పమ్మా" అని అడిగేదాన్ని తప్ప, నీ నంబరెంత అని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

డాక్టరమ్మగారు సరేనన్నాక అతనికే చేశాను. వెనక కొట్లో గుడ్డ చింపుతున్న చప్పుడు వినపడుతోంది.

"బాబూ, మీ ఆవిడని స్కాన్‌కి తీసుకురాలేదేంటి?"

"ఆవిడకి మీ దగ్గర ఇబ్బందిగా ఉందని మా అమ్మ ఊళ్ళోనే చూపిస్తోందండి."

"ఇక్కడి రిపోర్టులు అక్కడ చూపించారా?"

"కనుక్కుంటానండి," అన్నాడు.

"మీ ఆవిడది నెగటివ్ గ్రూపు బాబూ. నెగటివ్ వాళ్ళలో కొందరికి ఈ స్కాన్‌లు తప్పవు. ఎక్కడైనా చేయించండి, మానడం మాత్రం వద్దు. బిడ్డకి మంచిది కాదు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా పెట్టేశాను.

ఆ తరవాత రోజులు నాకు నరకమే. ఉండబట్టలేక ఒక సెలవు రోజు పొద్దున్నే చీర మార్చుకుని బస్టాండుకి వెళ్ళాను. పెనుగొండలో అమ్మవారి దర్శనానికని ఇంట్లో చెప్పాను. దర్శనం చేసుకుని, అక్కణ్ణుంచి వాళ్ళ ఊరు వెళ్ళి, కొట్లో జాకెట్టు గుడ్డ బేరం చేస్తున్నట్టు నిలబడి, ఎలాగైనా ఆ పిల్లతో ఒక్క మాట చెప్పి రావాలని నా ఎత్తు. బస్సు ఎక్కి కూర్చున్నాను కూడా. కండక్టరు టిక్కెట్టు అడుగుతుంటే, రాజమండ్రి సిస్టర్ గోదావరి దాటి వాళ్ళ గుమ్మం ఎక్కితే ఆ అత్తగారు ఏమనుకుంటుందో కళ్ళకి కట్టింది. దిగిపోయాను. "ఎక్కేముందు ఆలోచించుకోవాలి కదమ్మా," అని కండక్టరు గొణిగాడు. వేరే రోజైతే అతనికి నాలుగు పెట్టేదాన్ని. ఆ రోజు తల వంచుకుని నడిచొచ్చేశాను.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టి మొగుడికి అంతా చెప్పేస్తే బిడ్డ దక్కుతుందేమో, ఆ పిల్ల సంసారం పోతుంది. నోరు మూసుకుంటే సంసారం ఉంటుందేమో, బిడ్డ పోతుంది. ఇలా ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఇంకో నాలుగు రోజులు చూసి ఫోన్ చేసేద్దామని డాక్టరమ్మగారూ నేనూ అనుకుంటూ ఉండగానే వాళ్ళు వచ్చారు.

ఇద్దరే వచ్చారు. ఆరో నెల పడింది. పిల్ల చిక్కిపోయింది, కళ్ళ కింద నలుపు. అతన్ని నేను చూడటం అదే మొదలు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో పెన్నుతో, కొట్లోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. పరీక్ష గది గుమ్మం దాకా భార్యని నడిపించుకొచ్చి, నేను నోరు తెరవకముందే, "నేను బయట కూర్చుంటానండి," అన్నాడు. వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాడు.

లోపల ఆ పిల్ల చెప్పింది. ఆ రోజు ఇంటికెళ్ళిన దగ్గర్నించీ అత్తగారు అడుగుతూనే ఉందట. లోపల నిన్నేం అడిగారు, నన్నెందుకు పంపేశారు, ఏదో జబ్బు దాచి మీవాళ్ళు పెళ్ళి చేశారా అని. అరవడం, కొట్టడం ఏమీ లేదు. అన్నం వడ్డిస్తూ అడుగుతుంది, జడ వేస్తూ అడుగుతుంది. చివరికి దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, దీపం ముందు నిలబెట్టి, ఏమీ లేదని ప్రమాణం చెయ్యమంది.

"చేశానండి. ఏమీ లేదని దీపం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఆ పాపం వీడికి తగులుతుందాండీ?" అని కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "పాపం తగిలితే నాకు తగులుతుంది, నీకెందుకు తగులుతుంది?" అన్నాను. ఆ పిల్లకి ఆ మాట అర్థం కాలేదు. మీరేం చేశారండీ అన్నట్టు చూసింది.

"మరి ఇవాళ ఎలా వచ్చారు?"

"ఆయన వాళ్ళమ్మగారితో గొడవపడి తీసుకొచ్చారండి. ఎప్పుడూ ఆవిడకి ఎదురు చెప్పరు. ఎందుకో తెలీదండి."

స్కాన్‌లో బిడ్డ రక్తం తగ్గినట్టు కనిపించింది. ఇంకా చేయిదాటిపోలేదు. డాక్టరమ్మగారు ఇద్దర్నీ కూర్చోబెట్టి, గ్రూపు పడకపోవడం వల్ల ఇలా అవుతుందని, ఆలస్యం చెయ్యకుండా హైదరాబాద్ తీసుకెళ్ళాలని చెప్పారు. ఎందుకు పడలేదో చెప్పలేదు. అతను ఎక్కడికెళ్ళాలి, ఎవరిని కలవాలి, రైలా కారా అని మాత్రం అడిగి, అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. ఇంకే ప్రశ్నా వెయ్యలేదు.

భార్య పరీక్షకి రక్తం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా దగ్గరికి వచ్చాడు. నేను ఇంజక్షన్ల గదిలో ఒక్కదాన్నే ఉన్నాను.

"మీరు ఫోన్ చేసిన రోజు మా అమ్మ బీరువాలో ఆ రిపోర్టు చూశానండి. ఫోన్లో వెతికి చదివాను. మొదటిసారి ఇలా రాదట కదండీ."

చేతిలో సిరంజి ట్రేలో పెట్టేశాను. "అలాగని ఏం లేదు బాబూ. ఎప్పుడైనా పడని రక్తం ఎక్కించినా రావచ్చు. రకరకాల కారణాలుంటాయి."

"మీరేమీ చెప్పొద్దండి. నేను అడగట్లేదు." చేతిలో కాగితం మడతపెడుతూ, విప్పుతూ మాట్లాడాడు. "అందర్నీ ఉండనిచ్చి నన్నొక్కదాన్నే బయటికి పంపారురా అని మా అమ్మ అన్నప్పుడే ఏదో ఉందనుకున్నాను. చదివాక తెలిసిపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదండి, అబద్ధమెందుకు. తన మొహం చూడబుద్ధి కాలేదు. మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే, మా అమ్మ దేవుడి గదిలో ప్రమాణం చేయిస్తోంది. తను వణికిపోతూ చెయ్యి దీపం మీదకి పెడుతోంది. అది చూశాక నాకు ఇంకేం గుర్తు రాలేదండి. ఎప్పుడో ఏదో అయ్యింది, అయిపోయింది. మా అమ్మ అడుగుతుంటే ఆపకుండా గుమ్మంలో నిలబడిపోయాను చూశారా, నాకదే సిగ్గుగా ఉంది."

"అయితే ఆ మాట ఆ పిల్లతో చెప్పు బాబూ! ఇప్పుడే చెప్పు. సగం ప్రాణం లేచొస్తుంది దానికి."

తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలుసని తెలిస్తే ఇక జీవితంలో నా ముందు తలెత్తదండి. తను అలాంటిది. నేనేమన్నా, అది గుర్తుపెట్టుకునే అన్నానంటుంది. తెలియనట్టే ఉంటాను. మీరు మాత్రం తనతో చెప్పకండి. మాట ఇవ్వండి."

ఇచ్చాను. ఇంకేం చెయ్యను?

హైదరాబాద్‌లో రెండుసార్లు బిడ్డకి రక్తం ఎక్కించారు. ఎనిమిదో నెల చివర ఆపరేషన్ చేసి తీశారు. మగపిల్లాడు. నీలం లైటు కింద చాలా రోజులు ఉంచి, రక్తం మార్చి, బతికించారు. ఆ కబురు డాక్టరమ్మగారి ఫోన్‌కి వచ్చినప్పుడు నేను వరండాలో అందరి ముందూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఈలోపు మా ఓపీలో పద్ధతి మార్పించాను. వాళ్ళు హైదరాబాద్ వెళ్ళిన మర్నాడే డాక్టరమ్మగారి దగ్గర కూర్చుని గొడవపెట్టుకుని మరీ సాధించాను. ఎవరొచ్చినా సరే, జ్వరమొచ్చినా, బలం మందులకొచ్చినా, మొదటి ఐదు నిమిషాలు పేషెంటు ఒక్కతే లోపలికి. తోడొచ్చినవాళ్ళు బయట కూర్చోవాలి. పేషెంటు ఎవర్ని రమ్మంటే వాళ్ళని తరవాత పిలుస్తాం. ఫైలు మీద ఆడమనిషి సొంత నంబరు, దానికి ఎప్పుడు చేస్తే పర్వాలేదో కూడా రాసుకుంటాం. గుట్టు ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ ఒకేలా పంపితే, బెంచీ మీద కూర్చున్న ఎవరికీ ఏమీ తెలియదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు అన్నేళ్ళూ, ఆ పిల్ల ఉసురూ కావాల్సొచ్చింది.

మొదట్లో రోజూ యుద్ధమే. సామర్లకోట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "నా కోడలు నా దగ్గర దాచేదేముంటదమ్మా?" అని దెబ్బలాడింది. "ఏమీ ఉండదు లెండి. మీ కోడలికి మీ మీద చాడీలు చెప్పుకోవడానికి ఐదు నిమిషాలు కూడా ఇవ్వరా ఏంటి?" అన్నాను. బెంచీ అంతా గొల్లుమంది, ఆవిడా నవ్వి కూర్చుంది. ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. లోపలికొచ్చిన వాళ్ళలో చాలామందికి దాచుకునేదేమీ ఉండదు. ఒకరిద్దరికి ఉంటుంది. ఒకామె వీపు మీద దెబ్బలు చూపించింది. ఇంకొకామె ఏమీ చెప్పకుండా ఆ ఐదు నిమిషాలూ కళ్ళు మూసుకుని కూర్చుని, థాంక్సండీ అని వెళ్ళిపోయింది.

పిల్లాడికి నాలుగో నెల నడుస్తుండగా వాళ్ళు మళ్ళీ వచ్చారు, ఆ పిల్ల కుట్ల దగ్గర కాస్త నెప్పిగా ఉందని. అత్తగారు రాలేదు. మనవడు పుట్టాక ఆవిడ అడగడం మానేసిందట, మర్చిపోయిందో లేదో మాత్రం తెలియదు. పిల్లాడు తండ్రి భుజం మీద నిద్రపోతున్నాడు. "పేషెంటు ఒక్కరే రావాలి," అన్నాను. అతను పిల్లాణ్ణి అలాగే ఎత్తుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

తలుపు వెయ్యగానే ఆ పిల్ల కుట్ల సంగతి వదిలేసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు ఆయనకి ఏమీ చెప్పలేదు కదండీ?"

"చెప్పలేదమ్మా."

"ఆయన ఎంత బాగా చూసుకుంటారోనండి. వీడి కోసం ఎంత తిరిగారో. ఆయన మంచిగా మాట్లాడిన ప్రతిసారీ నాకు లోపల కోసేసినట్టుంటుంది. ఇదంతా నా వల్లే అయ్యిందని తెలిస్తే ఇలా చూస్తారాండీ? ఒక్కోసారి చెప్పేద్దామనిపిస్తుంది. ధైర్యం చాలదు. మీకేమనిపిస్తుందండీ, చెప్పమంటారా?"

నాలుక చివరిదాకా వచ్చింది. అతనికి తెలుసే పిచ్చిదానా, ఎప్పుడో తెలుసు, అందుకే ఆ రోజు నిన్ను తీసుకొచ్చాడు, నీ బిడ్డ బతికింది అందుకే, అని. నా ఎదురుగా తలుపుకి ఇటు ఈ పిల్ల, అటు అతను, మధ్యలో చెక్క. అన్నేళ్ళు అక్కర్లేని చోటల్లా కేకలేసిన దాన్ని, అక్కడ మాత్రం మింగేశాను. అతనికి మాటిచ్చాను. చెప్పు అంటే, అతని సంగతి నాకు తెలిసే అన్నానని రేపు తెలిసిపోతుంది. వద్దంటే జన్మంతా ఇలాగే ఉంటుంది.

"అది నేను చెప్పాల్సింది కాదు తల్లీ," అన్నాను. ఆ పిల్ల కాసేపు నా మొహంలోకి చూసి, చేతులు వదిలేసింది. కుట్లు చూసి మందు రాయించాను. మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని లేచింది. తలుపు నేనే తీశాను.

అతను బెంచీ మీంచి లేచి వచ్చాడు. పిల్లాడు ఇంకా భుజం మీదే, చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"ఇంతసేపైందేంటి?" అన్నాడు.

ఆ పిల్ల తడబడింది. "ఏం లేదండీ. వీడి బరువు చూశారు."

అన్నాక తెలిసింది తనకి. అతని భుజం మీదున్న పిల్లాడి వంక చూసింది. అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు. భుజం మీద పిల్లాడి వీపు నిమిరి, భార్య వైపు తిరిగాడు.

"ఎంతున్నాడంట?"

"ఆరు కేజీలు."

"బానే పెరిగాడే," అన్నాడు. ఆమె చేతిలో సంచీ అందుకుని ముందు నడిచాడు.